లాసెట్‌కు గడియారం పెట్టి మాక్ టెస్టులు ఎప్పటి నుంచి రాయాలి?

"టైము పెట్టుకుని మాక్ టెస్టులు ఎప్పుడు మొదలుపెట్టాలి సార్?" కర్నూలులో లాసెట్‌కు, అంటే ఎల్‌ఎల్‌బీ ప్రవేశ పరీక్షకు, చదివే పిల్లలు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. ఆదోని, డోన్, గుంతకల్లు నుంచి ఫోను చేసేవాళ్లూ ఇదే అడుగుతారు. వీళ్లలో కొందరు పుస్తకం కొన్న మర్నాడే 90 నిమిషాలు పెట్టుకుని 120 ప్రశ్నల మీద పడతారు. వచ్చిన మార్కులు చూసి దిగాలుపడి, పుస్తకం మూసేస్తారు. మరికొందరు సిలబస్ మొత్తం అయ్యాక చూద్దామని వాయిదా వేస్తూ, హాల్‌టికెట్ వచ్చేదాకా ఒక్క పూర్తి పరీక్ష కూడా రాయరు. ఇద్దరికీ నష్టమే.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. తొలి రోజుల్లో గడియారం వద్దు. గడియారం లేకుండా రాసినప్పుడు వందకు అరవై ప్రశ్నలు, ఊహతో కాకుండా తెలిసి సరిగ్గా పెట్టగలిగిన రోజున ఒక్కో భాగానికి గడియారం పెట్టండి. పరీక్షకు ఆరు వారాల ముందు నుంచి పూర్తి పరీక్షలు రాయండి. మీ మార్కులు అరవై శాతానికి చేరినా చేరకపోయినా ఆ ఆరు వారాల గీత దాటకండి.

ముందు పరీక్ష కొలతలు గుర్తుంచుకోండి. ఏపీ లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. ఎ భాగంలో జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ 30 ప్రశ్నలు. బి భాగంలో వర్తమాన వ్యవహారాలు 30. సి భాగంలో న్యాయవిద్య అభిరుచి 60. నెగెటివ్ మార్కులు లేవు. అర్హతకు 35 శాతం, అంటే 42 మార్కులు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కనీస మార్కుల నిబంధన లేదు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకైనా, ఐదేళ్ల ఎల్‌ఎల్‌బీకైనా ఇదే నమూనా. సీటు మాత్రం ర్యాంకును బట్టి వస్తుంది కనుక 42 దగ్గర ఆగిపోయే లెక్క వేసుకోకండి.

ఏమేమి కావాలి

- పాత ప్రశ్నపత్రాలు, జవాబుల కీలతో సహా. దొరికినవన్నీ ఒకేసారి విప్పకండి. కనీసం నాలుగు పత్రాలు ముట్టకుండా చివరి ఆరు వారాలకు దాచండి. ఒకసారి జవాబు చూసిన పత్రం మళ్లీ పరీక్షగా పనికిరాదు.
- మంచి మాక్ టెస్టుల పుస్తకం ఒకటి. రెండోది అక్కర్లేదు.
- ఉన్నత విద్యామండలి ప్రవేశ పరీక్షల (సెట్‌ల) వెబ్‌సైటులో ఉండే మాక్ టెస్టు. అసలు పరీక్ష కంప్యూటర్ మీదే కనుక ఇది తప్పనిసరి.
- గోడ గడియారం లేదా చేతి గడియారం. ఫోను గడియారం వద్దు. టైము చూడటానికి ఫోను తీస్తే చూపు మెసేజీల మీదికి పోతుంది.
- తప్పుల పుస్తకం. మామూలు వంద పేజీల నోటుబుక్కు చాలు.
- రోజూ ఒక తెలుగు దినపత్రిక. కొనలేకపోతే జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చదవండి. కర్నూలు, కడప, అనంతపురం మూడు చోట్లా ఉంది.

ఇంట్లో కంప్యూటర్ లేనివాళ్లు కంగారుపడనక్కర్లేదు. కాగితం మీద రాస్తూ, వారానికి ఒక్కసారి నెట్ సెంటర్‌లో గంటన్నర కూర్చుంటే సరిపోతుంది.

1. గడియారం లేకుండా ఒక పత్రం రాయండి

చదువు మొదలుపెట్టిన రెండు మూడు వారాలకు ఒక పాత పత్రం తీయండి. మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాసుకోండి, అంతే. మధ్యలో గడియారం చూడకండి. రెండున్నర గంటలు పట్టినా ఫరవాలేదు.

ఒక్క నియమం మాత్రం మొదటి రోజు నుంచే పాటించండి. ఊహించి పెట్టిన ప్రతి జవాబు పక్కనా చిన్న చుక్క పెట్టండి. నెగెటివ్ మార్కులు లేవు కనుక అసలు పరీక్షలో ఒక్క ప్రశ్న కూడా ఖాళీగా వదలకూడదు, ఇక్కడా వదలకండి. కానీ నాలుగు జవాబుల్లో ఒకటి గుడ్డిగా పెడితే నాలుగింటికి ఒకటి కలిసొస్తుంది. ఇరవై గుడ్డి జవాబులకు ఐదు మార్కులు అలా వచ్చి పడతాయి. చుక్క లేకపోతే ఆ ఐదు మార్కులూ మీ చదువు ఖాతాలో పడి మిమ్మల్ని మోసం చేస్తాయి.

దిద్దుకున్నాక చుక్కలేని సరైన జవాబులు మాత్రమే లెక్కపెట్టండి. అదే మీ అసలు మార్కు.

2. అరవై శాతం వచ్చేదాకా గడియారం జోలికి పోకండి

సి భాగంలో 60 ప్రశ్నలకు చుక్కలేనివి 36 సరిగ్గా రావాలి. మిగతా రెండు భాగాల్లో ఒక్కోదానిలో 18. దీనికి లోపల ఉండగా టైము పెట్టుకుంటే గడియారం మీకు కొత్తగా ఏమీ చెప్పదు. తెలియని ప్రశ్నను 45 సెకన్లలో చదివినా నాలుగు నిమిషాలు చదివినా తెలియనిదే. పైగా తొందరలో సగం చదివి జవాబు పెట్టే అలవాటు పడుతుంది. ఆ అలవాటు వదిలించుకోవడానికి తర్వాత నెలలు పడుతుంది.

మూడు భాగాలూ ఒకేసారి గీత దాటాలని లేదు. సి భాగం దాటితే దానికి గడియారం పెట్టేయండి. ఎ భాగం ఇంకా నలభై శాతంలోనే ఉంటే దాన్ని గడియారం లేకుండా కొనసాగించండి. డిగ్రీలో లెక్కలు లేని బీఏ విద్యార్థులకు ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

3. భాగాల వారీగా గడియారం పెట్టండి

120 ప్రశ్నలు, 90 నిమిషాలు అంటే ప్రశ్నకు 45 సెకన్లు. ఈ సగటును ప్రశ్నలన్నింటికీ సమంగా పంచితే పప్పులో కాలేసినట్టే. వర్తమాన వ్యవహారాల్లో తెలిస్తే పది సెకన్లలో పెడతారు, తెలియకపోతే అరగంట కూర్చున్నా తట్టదు. మెంటల్ ఎబిలిటీలో ఒక రక్తసంబంధాల ప్రశ్న రెండు నిమిషాలు తినేస్తే, మరో రెండు ప్రశ్నల టైము దాదాపుగా అక్కడే పోతుంది. అందుకే నేను చెప్పే పంపకం ఇది:

బి భాగం: 12 నిమిషాలు
సి భాగం: 40 నిమిషాలు
ఎ భాగం: 25 నిమిషాలు
వదిలినవి చూసుకోవడానికి: 13 నిమిషాలు

వరుస కూడా ఇదే. బి, సి, ఎ. టైము తినే మెంటల్ ఎబిలిటీని చివరికి పెట్టుకుంటే, తెలిసిన న్యాయ ప్రశ్నలు టైము చాలక పోయాయన్న బాధ ఉండదు. లెక్కల్లో చురుకైనవాళ్లు ఎ భాగంతో మొదలుపెట్టినా తప్పులేదు. కానీ ఒక వరుస ఎంచుకున్నాక మార్చకండి.

మొదటి వారం ఈ టైముకు పావు వంతు ఎక్కువ ఇచ్చుకోండి. అంటే సి భాగానికి 50 నిమిషాలు. రెండో వారం 45, మూడో వారం 40. టైము తగ్గించినప్పుడు చుక్కలేని మార్కులు మూడు నాలుగు తగ్గడం మామూలే. ఎనిమిది, పది తగ్గితే మాత్రం ఒక మెట్టు వెనక్కి వచ్చి మరో వారం అక్కడే ఉండండి.

ఇక్కడ పాత పత్రాల గురించి రెండు హెచ్చరికలు.

మొదటిది: పాత పత్రంలోని బి భాగం చచ్చిపోయిన భాగం. రెండేళ్ల క్రితం వర్తమానం ఇప్పుడు వర్తమానం కాదు. దాన్ని కూడా రాసి "బి భాగంలో తొమ్మిదే వచ్చాయి" అని బాధపడేవాళ్లు ఏటా కనిపిస్తారు. ఆ 30 ప్రశ్నలు తీసేసి, ఎ, సి భాగాలను 78 నిమిషాలకు రాయండి. లేదంటే ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి, ఒక్కొక్కరు పది చొప్పున గత కొన్ని నెలల పత్రికల నుంచి ప్రశ్నలు తయారుచేసి మార్చుకోండి. ప్రశ్న తయారుచేసినవాడు ఆ విషయం ఇక మరచిపోడు. నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది.

రెండోది: 2024 జూలై 1 నుంచి భారతీయ శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత, సాక్ష్యాధార చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు పత్రాల్లోని సెక్షన్ల నంబర్లు కీ ప్రకారం బట్టీ పట్టకండి. హత్యకు శిక్ష 302 అని పాత కీ చెబుతుంది. కొత్త చట్టంలో అది 103. మీ పుస్తకం పాతదైతే ఈ మార్పులను ఎర్ర పెన్నుతో పక్కన రాసుకోండి.

4. ఆరు వారాల ముందు నుంచి పూర్తి పరీక్షలు

పరీక్ష తేదీ ఏటా మారుతుంది. 2023లో మే 20న, 2024లో జూన్ 9న, 2025లో జూన్ 5న జరిగింది. నోటిఫికేషన్ రాగానే మీ తేదీ నుంచి వెనక్కి లెక్కించండి. మాటకు జూన్ 5 అనుకుంటే, పూర్తి పరీక్షలు ఏప్రిల్ 24న మొదలవ్వాలి. భాగాల వారీ గడియారానికి అంతకు ముందు నాలుగు వారాలు, అంటే మార్చి 27 నుంచి. ఇంటర్ విద్యార్థుల పబ్లిక్ పరీక్షలు చాలావరకు అప్పటికి ముగిసి ఉంటాయి కనుక ఐదేళ్ల కోర్సుకు రాసేవాళ్లకు ఇది బాగా అమరుతుంది. డిగ్రీ చివరి సెమిస్టర్ పరీక్షలు మధ్యలో వచ్చేవాళ్లు ఆ రెండు వారాలు మాక్‌లు ఆపేసి, తిరిగి వచ్చాక ఆగిన మెట్టు నుంచే ఎక్కండి.

మొదటి రెండు వారాలు వారానికి ఒకటి. తర్వాతి మూడు వారాలు వారానికి రెండు. చివరి వారం ఒకటి. మొత్తం తొమ్మిది. పాతికా, ముప్పై రాశామని చెప్పుకునేవాళ్ల మాట విని కంగారుపడకండి. దిద్దుకుని తప్పులు నేర్చుకున్న తొమ్మిది పరీక్షలు చాలు.

పూర్తి పరీక్ష రోజున ఇలా చేయండి. హాల్‌టికెట్ వచ్చాక అందులో ఉన్న సెషన్ టైముకే కూర్చోండి. మధ్యాహ్నం సెషన్ అయితే మన కర్నూలు, కడప ఎండలో మధ్యాహ్నం రెండున్నరకు బుర్ర ఎలా పనిచేస్తుందో ముందే తెలుసుకోవాలి. ఉదయం పూట చల్లగా రాసిన మార్కులు చూసి మురిసిపోతే, అసలు రోజున అన్నం తిన్న మత్తులో ఐదారు ప్రశ్నలు చేజారతాయి. పరీక్ష మధ్యాహ్నమైతే ఆ రోజు ఏం తినాలో కూడా ఈ మాక్‌ల రోజుల్లోనే తేల్చుకోండి.

90 నిమిషాలు లేవకూడదు. ఇంట్లో కుదరకపోతే తమ్ముడినో అక్కనో కాపలా పెట్టండి, లేదా గ్రంథాలయానికి వెళ్లండి. ఉద్యోగం చేస్తూ మూడేళ్ల కోర్సుకు రాసేవాళ్లు ఆదివారాన్ని దీనికి కేటాయించండి. పొద్దున 45 నిమిషాలు, రాత్రి 45 నిమిషాలుగా విరిచి రాస్తే అది పూర్తి పరీక్ష కాదు. చివరి అరగంటలో వచ్చే అలసటను చూడటానికే కదా ఇది రాస్తున్నది.

చిత్తు కాగితం మీద మూడు టైములు రాసుకోండి: 12, 52, 77. బి భాగం అయ్యేసరికి 12, సి అయ్యేసరికి 52, ఎ అయ్యేసరికి 77 నిమిషాలు. ఆ మూడు చోట్ల తప్ప గడియారం చూడకండి. 52 దగ్గర ఉండాల్సినవాళ్లు 60 దగ్గర ఉంటే, మిగిలిన సి ప్రశ్నలకు ఏదో ఒక జవాబు పెట్టి ఎ భాగానికి వెళ్లిపోండి. కష్టంగానే ఉంటుంది. కానీ ఆ వదిలేయడం నేర్చుకోవడానికే ఈ తొమ్మిది పరీక్షలు.

కంప్యూటర్ మీద రాసేటప్పుడు జవాబు ఎంచుకోగానే సేవ్ చేసే బటన్ నొక్కారో లేదో చూసుకోండి. నొక్కకుండా పక్క ప్రశ్నకు దూకితే ఆ జవాబు నమోదు కాదు. పక్కన కనిపించే నంబర్ల పట్టికలో రంగులు ఏమి చెబుతాయో అధికారిక మాక్‌లో రెండుసార్లు చూస్తే వచ్చేస్తుంది. ప్రశ్న తెలుగులోనూ ఇంగ్లిషులోనూ కనిపించినప్పుడు రెండూ చదవకండి. మీకు అలవాటైన భాషలో చదవండి. అర్థం తేలకపోతేనే రెండోది చూడండి.

5. దిద్దుకోవడం

గంటన్నర పరీక్షకు రెండు గంటల దిద్దుబాటు కావాలి, అదీ ఆ రోజే. రేపటికి వాయిదా వేస్తే ఆ జవాబు ఎందుకు పెట్టారో మీకే గుర్తుండదు.

తప్పుల పుస్తకంలో మూడు గడులు గీయండి: తెలియలేదు, తప్పు చదివాను, తొందరపడ్డాను. ప్రతి తప్పూ ఏదో ఒక గడిలోకి పోవాలి. ఉదాహరణకు ఈ ప్రశ్న చూడండి. "కింది వాటిలో ప్రస్తుతం ప్రాథమిక హక్కు కానిది ఏది?" జవాబుల్లో సమానత్వపు హక్కు, ఆస్తి హక్కు, మత స్వేచ్ఛ హక్కు, దోపిడీని నిరోధించే హక్కు ఉన్నాయి. మీరు సమానత్వపు హక్కు పెట్టారు. ఎందుకు? 1978 నాటి 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల నుంచి పోయి 300ఎ అధికరణంలోకి చేరిందని తెలియకపోతే మొదటి గడి. అది తెలిసీ "కానిది" అన్న మాట కంటికి ఆనకపోతే రెండో గడి. అంతా తెలిసి, మిగతా జవాబులు చదవకుండానే మొదటిదాని మీద నొక్కేస్తే మూడో గడి. తప్పు ఒకటే, మందులు మూడు. మొదటిదానికి పుస్తకం తెరవాలి. రెండోదానికి "కానిది", "సరికానిది", "తప్ప" అన్న మాటలు కనిపించినప్పుడల్లా వేలు పెట్టి ఆగి చదవడం అలవాటు చేసుకోవాలి. మూడోదానికి గడియారాన్ని ఒక మెట్టు వెనక్కి తిప్పాలి.

ఏ గడి నిండుతోందో చూస్తే తర్వాతి వారం ఏం చేయాలో తెలిసిపోతుంది. మొదటి గడి నిండుతుంటే ఆ వారం రెండో మాక్ మానేసి చదవండి. ఇక్కడ ఒక మాట చెప్పాలి. కోస్తా, రాయలసీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక ఏ ఏడాది, ఆంధ్ర రాష్ట్రానికి కర్నూలు ఎప్పుడు రాజధాని అయింది వంటివి మన జిల్లాల పిల్లల తప్పుల పుస్తకాల్లో కనిపిస్తే నాకు బాధగా ఉంటుంది. 1937, 1953. ఇవి మన ఇంటి సంగతులు.

మూడు రోజులు ఆగి, తప్పు పెట్టిన ప్రశ్నలను మాత్రమే మళ్లీ రాయండి. మళ్లీ తప్పితే వాటికి గీత గీసి, చివరి వారం చూడటానికి పక్కన పెట్టండి.

6. మెరుగుపడుతున్నారా లేదా చూసుకోవడం

మొత్తం మార్కు ఒక్కటే చూస్తే బోల్తా పడతారు. ఒక లెక్క చూడండి.

మొదటి పరీక్షలో 74 వచ్చాయి. చుక్క పెట్టినవి 24, వాటిలో కలిసొచ్చినవి 7. చుక్కలేని 96లో సరైనవి 67. రెండో పరీక్షలో 78 వచ్చాయి. సంతోషమే. కానీ చుక్కలేనివి 65, ఊహలో కలిసొచ్చినవి 13. అంటే నాలుగు మార్కులు పెరిగినట్టు కనిపించినా చదువు రెండు మార్కులు తగ్గింది. మూడో పరీక్షలో 76 వచ్చి, చుక్కలేనివి 71, ఊహవి 5 అయితే, మార్కు తగ్గినా మీరు ముందుకు వెళ్లారు.

అందుకే ప్రతి పరీక్ష తర్వాత నాలుగు అంకెలు రాసుకోండి: చుక్కలేని సరైనవి, చుక్కలేని తప్పులు, ఊహలో కలిసొచ్చినవి, 77వ నిమిషానికి ఇంకా చూడని ప్రశ్నలు. వీటిలో నేను ముందు చూసేది రెండో అంకె. తెలుసనుకుని తప్పు పెట్టినవి అవి. పై లెక్కలో మొదటి పరీక్షలో అవి 29. ర్యాంకు పెరగాలంటే అక్కడే తవ్వాలి.

వరుసగా మూడు పరీక్షల్లో చుక్కలేని మార్కు కదలకపోతే నాలుగోది రాయకండి. వారం రోజులు ఒక్క భాగం పట్టుకుని చదివి రండి.

క్లాట్ రాసేవాళ్లకు

క్లాట్ అంటే జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష. దానికి లెక్కలు మారతాయి. ఇంటర్ తర్వాత రాసే క్లాట్ యూజీలో 120 ప్రశ్నలు, 120 నిమిషాలు. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. కంప్యూటర్ ఉండదు, ఓఎంఆర్ పత్రం మీద గుండ్రాలు నింపాలి. ప్రశ్నలన్నీ ఇంగ్లిషు పేరాగ్రాఫుల మీదే. గత కొన్నేళ్లుగా డిసెంబరు మొదటి ఆదివారం జరుగుతోంది. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవాళ్లు గడియారాన్ని ఇంకా ఆలస్యంగా తీయాలి. నాలుగు వందల మాటల పేరా ఒకసారి చదివి సారాంశం సొంత మాటల్లో చెప్పగలిగాకే టైము పెట్టండి. పూర్తి పరీక్షలు మాత్రం ఆగస్టుకు మొదలవ్వాలి. చుక్క పెట్టిన ప్రశ్నల్లో రెండు జవాబులైనా కొట్టేయగలిగితేనే ఊహించండి, లేకపోతే వదిలేయండి. గుండ్రాలు నింపడానికి పట్టే టైమును మాక్‌లోనే కలిపి లెక్కించండి. విశాఖలోని జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం మన కర్నూలు పక్క పెదపాడులో పుట్టిన దామోదరం సంజీవయ్య పేరుతో ఉంది. అక్కడ మన జిల్లా పిల్లలు ఇంకా ఎక్కువమంది కనిపించాలని నా కోరిక.

మూడు వారాలే మిగిలి ఉంటే

ఇది చదివేసరికి పరీక్ష దగ్గరపడితే అరవై శాతం నియమం పక్కన పెట్టండి. ఈ రోజే ఒక పూర్తి పరీక్ష 90 నిమిషాలకు రాయండి. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు సి భాగం 40 నిమిషాలకు, మిగతా రోజుల్లో బి, ఎ భాగాలు కలిపి 37 నిమిషాలకు. ప్రతి ఆదివారం పూర్తి పరీక్ష. రోజూ పత్రిక. కొత్త పుస్తకాలు కొనకండి, కొత్త అధ్యాయాలు తెరవకండి. తప్పుల పుస్తకంలో మొదటి గడిలో పడిన విషయాలు మాత్రమే చదవండి.

ఎవరికైనా సరే, చివరి పూర్తి పరీక్ష అసలు పరీక్షకు నాలుగు రోజుల ముందు రాయాలి, ఆ తర్వాత రాయకూడదు. మిగిలిన మూడు రోజుల్లో గీత గీసిన ప్రశ్నలు, వర్తమాన వ్యవహారాల నోట్సు, కొత్త చట్టాల మార్పులు చూసుకోండి. కేంద్రం మరో ఊళ్లో పడితే ముందు రోజు సాయంత్రమే అక్కడికి చేరుకుని, హాల్‌టికెట్‌తో పాటు అందులో రాసిన గుర్తింపు కార్డు అసలు ప్రతిని సంచిలో పెట్టుకున్నారో లేదో రాత్రే చూసుకోండి.